నోరు మూయించడమా, తప్పు కట్టించడమా?

2025 జూన్ 6న సాక్షి టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి ప్రాంతపు మహిళల గురించి చాలా నీచమైన మాట అన్నారు. ఆ చర్చ నడిపినవారు సీనియర్ పాత్రికేయులు కొమ్మినేని శ్రీనివాసరావు. జూన్ 9న ఆంధ్రప్రదేశ్ పోలీసులు హైదరాబాదు వెళ్లి ఆయనను అరెస్టు చేశారు. జూన్ 13న సుప్రీంకోర్టు విడుదల చేయమంది. ఆ మాట అన్నది ఆయన కాదని గుర్తు చేసింది. ఇకపై అలాంటి మాటలు తాను అనకూడదు, తన కార్యక్రమంలో ఇంకొకరిని అననివ్వకూడదు అని కూడా చెప్పింది.

అమరావతి ఎక్కడ, మన సీతంపేట, కురుపాం ఎక్కడ, ఈ గొడవ మనకెందుకు అని కొందరు అడిగారు. ఆ కేసులో పెట్టిన సెక్షన్లలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉంది. అది 1989లో మన కోసం వచ్చిన చట్టం. కొండ మీద మనల్ని తిట్టినవాడి మీద, కొట్టినవాడి మీద ఆ చట్టం కింద ఒక ఫిర్యాదు నమోదు చేయించడానికి మనం ఎన్నిసార్లు స్టేషన్ల చుట్టూ తిరుగుతామో మనకు తెలుసు. టీవీ చర్చ మీద మాత్రం అది మూడు రోజుల్లో పనిచేసింది. చట్టం పనిచేసినందుకు మాకు బాధ లేదు. ఎవరి కోసం తొందరగా పనిచేస్తుందన్నదే మా ప్రశ్న.

ఇది ఒక పార్టీ చేసిన పని కాదు. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, అక్కడి శాసనసభ్యులను ఎగతాళి చేశారని టీవీ9 మీద గొడవ వచ్చింది. టీవీ9, ఏబీఎన్ రెండూ కేబుల్‌లో రాకుండా పోయాయి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం ఏబీఎన్, టీవీ5 ఛానెళ్ల మీద రాజద్రోహం కేసు పెట్టింది. వాటి మీద చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు ఆపింది. 2025లో సాక్షి వంతు వచ్చింది. కర్ర అదే, పట్టుకున్న చేయి మారుతోంది. నిన్న దెబ్బ తిన్నవారు నేడు కొడుతున్నారు. ఆ కర్ర రేపు మన గూడకు వస్తే అడ్డుపడేందుకు మనకు ఛానెల్ లేదు, ఢిల్లీ వకీలు లేడు.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. జముకుల కథ చెప్పి ఊరూరా మాట మోసిన బొడ్డపాడు సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలయ్యారు. ఆయన రాజకీయాలతో ఏకీభవించేవారూ, ఏకీభవించనివారూ మనలో ఉన్నారు. కానీ ఆ రోజుల్లో పాట పాడడమే అనుమానానికి కారణమైందని మన పెద్దలందరూ చెబుతారు. నోళ్లు మూయించే కాలం వస్తే మొదట మూతపడేది పేదవాడి నోరు.

అయితే ఎవరు ఏమన్నా ఊరుకోవాలా? ఈ ప్రశ్న 2022 మార్చిలో మనకే ఎదురైంది. సమ్మక్క సారలమ్మల గురించి చినజీయర్ స్వామి మాట్లాడిన పాత వీడియో ఒకటి బయటికి వచ్చింది. వారేమైనా బ్రహ్మలోకం నుంచి దిగివచ్చారా అన్న ధోరణిలో ఆయన మాట్లాడారు. ఆదివాసులు రోడ్డెక్కారు, క్షమాపణ అడిగారు, కేసులు పెట్టమన్నారు. తన మాటల్లో కొంత భాగమే తీసి చూపించారని, అవమానించే ఉద్దేశం లేదని ఆయన వివరణ ఇచ్చారు. మాకూ కడుపు మండింది. అప్పుడు మాలో చాలామంది అరెస్టు చేయాలనే అన్నాం. అదే మేము ఇప్పుడు కొమ్మినేని అరెస్టు తప్పు అంటే మాట మార్చినట్టు కాదా? ఈ ఇబ్బందిని దాచుకోకుండా ఆలోచించాలి.

మాకు దారి మన ఊరి పంచాయితీలోనే కనిపించింది. గూడలో ఒకడు నోరు జారితే పెద్దలు వాణ్ని పిలిచి అందరి ముందు కూర్చోబెడతారు. ఎవరి గురించి అన్నాడో వాళ్లను కూడా కూర్చోబెడతారు. ఇద్దరి మాటా వింటారు. తప్పని తేలితే తప్పు కట్టిస్తారు. మళ్లీ మాట్లాడకుండా వాడి నోరు కుట్టరు. రేపటి కందికొత్తల పండుగలో వాడూ మనతోనే ఆడాలి కదా.

టీవీకి కూడా ఇదే న్యాయం కావాలి. రాజ్యాంగం 19(1)(ఎ)లో మాట స్వేచ్ఛ ఇచ్చింది, 19(2)లో దానికి హద్దులు పెట్టింది. పరువునష్టం, నేరానికి రెచ్చగొట్టడం ఆ హద్దుల్లో ఉన్నాయి. చంపమని పిలుపునిచ్చే గొంతును ఆపాల్సిందే. 1994లో రువాండాలో ఒక రేడియో టుట్సీలను చంపమని జనాన్ని ఉసిగొల్పింది. ఆ రేడియో వ్యాఖ్యాత ఒకరికి 2000లో అంతర్జాతీయ న్యాయస్థానం 12 ఏళ్ల జైలు వేసింది. అది సరైన పని. కానీ ప్రాణాలు తీయమనే మాటను, మనసు నొప్పించే మాటను ఒకే గాటన కట్టకూడదు. రెండో దానికి విచారణ, సవరణ, క్షమాపణ, జరిమానా ఉన్నాయి. విచారణ కాకముందే జైలు అక్కరలేదు.

ఇది మన యువత తెలుసుకోవాలి. 2021లో మారిన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఎవరైనా నేరుగా ఛానెల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఛానెల్ 15 రోజుల్లో తేల్చి చెప్పాలి. తృప్తి లేకపోతే పైన ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు వెళ్లవచ్చు. ఏ తేదీ, ఏ గంట, ఏ మాట అన్నది రాసి పెట్టుకోవాలి.

ఇక చర్చ నడిపేవారి మాట. కొమ్మినేని అతిథిని గట్టిగా ఆపలేదన్నది ఆయనపై వచ్చిన ఆరోపణ. అరెస్టు తప్పు అన్నంత మాత్రాన ఆ ఆరోపణ తేలికైపోదు. తరగతిలో ఒక పిల్లవాడు తోటి పిల్లను కులం పేరుతో తిడితే, నేను తిట్టలేదు కదా అని ఉపాధ్యాయుడు తప్పించుకోలేడు. చర్చ నడిపేవారికీ ఆ బాధ్యతే ఉంది. అరుపుల కోసమే అతిథులను పిలిచే కార్యక్రమాలను మనం చూడడం మానేయాలి. మన పిల్లలకు ఎందుకు మానేశామో చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మన పిల్లల ఉద్యోగాలు పోయే ఆ విషయం మీద టీవీ చర్చల్లో సవర, జాతాపు, గదబ గొంతులు ఎన్ని విన్నాం? వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు. కానీ కమ్యూనిటీ రేడియోలో సొంత వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలే వినిపించాలి. మన సంత ధరలు చెప్పుకోవచ్చు గానీ, మన భూమి ఎవరు తీసుకున్నారో వార్తగా చెప్పుకోలేం. దీని గురించి ఎవరూ టీవీల్లో అరవరు.

కాబట్టి ఎవరో ఒకరి మైకు లాక్కోమని మనం అడగవద్దు. ఆ బల్ల దగ్గర మనకు కుర్చీ అడుగుదాం. మన భాషలో మన వార్త చెప్పుకునే రేడియో అడుగుదాం. మాట్లాడడానికి చోటే లేనివాడు, ఎదుటివాడి నోరు మూసినా గెలిచినట్టు కాదు.