భాస్కరనామైకశేషము

వ్యాకరణశాస్త్రమున నేకశేషమను కార్యమొకటి కలదు. సమానరూపములగు శబ్దములు పెక్కు ఒకే విభక్తియందుఁ గూడినపుడు వానిలో నొక్కటి నిలిచి తక్కినవి లోపించును. ఇరువురు రాములను జెప్పవలసినపుడు సంస్కృతమున రామశబ్దమొక్కటియే మిగులును. అయినను నిలిచిన యా శబ్దము లోపించినదాని యర్థమును గూడ మోయుచున్నది. కావుననే యది ద్వివచనమును బొందును. మువ్వురైనచో బహువచనమును బొందును. శబ్దము పోయినను వ్యక్తి పోలేదని యా వచనమే చాటుచుండును.

వాఙ్మయచరిత్రమున లోకము చేయు నేకశేషమన్ననో యిట్టిది కాదు. ఒకే పేరు గలవారు నలువురు పండితులున్నచోఁ బ్రసిద్ధుఁడైన యొక్కనిని నిలిపి తక్కిన మువ్వురను లోపింపఁజేసి, నిలిచినవానికి మరల నేకవచనమునే పెట్టును. అందుచే నలువుర గ్రంథములు నొకనివి యగును. నలువుర కాలములు నొకకాలమగును. ఇందువలనఁ బ్రసిద్ధునకుఁ దనది కాని సొమ్ము వచ్చును. అప్రసిద్ధునకుఁ దనదైన సొమ్ము పోవును. రెండును దోషములే. ఈ దోషమునకు భాస్కరనామము కంటెఁ దగిన యుదాహరణము దొరకుట యరుదు.

భాస్కరశబ్దము భాస్సును జేయువాఁడను నర్థమున టప్రత్యయముచే సిద్ధించినది. పాణిని తృతీయాధ్యాయమున దీనికై భాశ్శబ్దమును బేర్కొనియే విధించినాఁడు. యోగార్థముచే నిది సూర్యునకుఁ జెల్లును. తండ్రి కుమారునకుఁ బెట్టినపు డిది వట్టి సంజ్ఞ. సంజ్ఞకు వ్యక్తిని జూపు శక్తియే కాని, యొక వ్యక్తిని మఱియొక వ్యక్తినుండి వేఱుచేయు శక్తి లేదు. ఆ పని తండ్రిపేరు, ఆశ్రయదాత, కాలము, సిద్ధాంతము, ఉపపదము అను వానిది. వీనిని విడిచి పేరును మాత్రమే పట్టుకొన్నవాఁడు పొరపడక తప్పదు.

జ్యోతిషమున భాస్కరాచార్యుఁడనఁగానే లీలావతి స్ఫురించును. ఆ గ్రంథకర్త మహేశ్వరుని కుమారుఁడు. తాను శకవర్షము 1036, అనఁగా క్రీస్తుశకము 1114లో జన్మించితిననియు, ముప్పదియాఱవయేఁట సిద్ధాంతశిరోమణిని రచించితిననియు స్వయముగాఁ జెప్పుకొన్నాఁడు. ఆ రచన 1150వ సంవత్సరమునకుఁ జెందును. కరణకుతూహలము 1183 నాఁటిది. ఇన్ని గుఱుతులున్నవాని విషయమునఁ బొరపాటున కవకాశమెక్కడిదని తోఁచును. అయినను మహాభాస్కరీయ లఘుభాస్కరీయములను రెండు గ్రంథములును, ఆర్యభటీయమునకు భాష్యమును రచించిన భాస్కరుఁడు వేఱొకఁడు కలఁడు. ఆ భాష్యము 629వ సంవత్సరమునాఁటిది. బ్రహ్మగుప్తుఁడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన మఱుసటియేఁటిదన్నమాట. ఇరువురు భాస్కరుల నడుమ నైదు శతాబ్దములకుఁ బైఁబడిన యంతరము గలదు.

ఇచ్చట గ్రంథనామములే భ్రాంతికిఁ గారణములగుచున్నవి. భాస్కరశబ్దమున నాదియచ్చు ఆకారమగుటచే నది వృద్ధసంజ్ఞను బొంది ఛప్రత్యయమును గ్రహించి, 'భాస్కరీయ'మని యగును. భాస్కరసంబంధియగు గ్రంథమని దాని తాత్పర్యము. మహచ్ఛబ్దము లఘుశబ్దము గ్రంథపరిమాణమును జెప్పునవి కాని కర్తను విశేషించునవి కావు. ఏ భాస్కరుఁడను ప్రశ్నకు వ్యాకరణ మింతకంటె నుత్తరమీయదు. ఉత్తరము వ్యాఖ్యానములలో లభించును. లఘుభాస్కరీయమునకు శంకరనారాయణుఁడు 869వ సంవత్సరమున వ్యాఖ్య వ్రాసెను. లీలావతీకర్త పుట్టుటకు 245 ఏండ్లకు ముందే వ్యాఖ్యను బొందిన గ్రంథ మాతనిదెట్లగును? వ్యాఖ్య మూలమునకుఁ బూర్వము పుట్టదు కదా. ఈ భేదమును విభూతిభూషణ దత్తుగారు 1930లో 'ఇరువురు భాస్కరులు' అను శీర్షికతో నాంగ్లపత్రికయందు విశదముగాఁ జర్చించిరి. పిమ్మట కృపాశంకర శుక్లగారి సంపాదకత్వమున లక్నో విశ్వవిద్యాలయమునుండి 1960లో మహాభాస్కరీయమును, 1963లో లఘుభాస్కరీయమును వెలువడినవి.

ఇది పేరులను గూర్చిన వట్టి వివాదము కాదు. జ్యాపట్టికతోఁ బనిలేకయే యొక కోణమునకు జ్యను సాధించు సూత్రమొకటి మహాభాస్కరీయమునఁ గలదు. దానివలన వచ్చు దోషము త్రిజ్యలో వేయింట రెండు భాగములకు లోపే. చాపమునుండి పూర్ణజ్యను సాధించుటకుఁ దత్సమానమైన సూత్రమే లీలావతియందును గలదు. కర్త లిరువురని తెలిసినచో నీ సూత్ర మయిదువందల యేండ్లు శిష్యపరంపరలో నిలిచి వచ్చినదని తేలును. కర్త యొక్కఁడే యనుకొన్నచో నొకఁడు తనమాటను దాను రెండుమార్లు చెప్పినట్లే యగును. ఒక శాస్త్రముయొక్క ప్రాణచరిత్రము నామసామ్యమువలన నిట్లు రూపుమాయును.

ఆ కుటుంబమునందే మఱియొక భాస్కరుఁడును గలఁడు. ఖాందేశమున పాటణగ్రామపు శాసనము 1207వ సంవత్సరప్రాంతమునాఁటిది. లీలావతీకర్త మనుమఁడు చంగదేవుఁడు, యాదవరాజు సింఘణునికడ జ్యోతిషికుఁడుగా నుండి, తాతగారి గ్రంథముల పఠనపాఠనములకై మఠమును నెలకొల్పిన సంగతి యందుఁ గలదు. అందలి వంశావళి ననుసరించి త్రివిక్రముని కుమారుఁడు భాస్కరభట్టు భోజరాజువలన విద్యాపతియను బిరుదమును బొందెను. ఆ భాస్కరభట్టుతోఁ జేర్చి లెక్కింపఁగా లీలావతీకర్త యాఱవతరమువాఁడు. కులమును, విద్యయు, పేరును గలిసిన యిట్టిచోటఁ దండ్రిపేరొక్కటియే విమర్శకునకు శరణ్యము.

ఇఁక నాంధ్రవాఙ్మయమునకు వత్తము. భాస్కరరామాయణకర్త యెవఁడను వివాదము పాఠశాలలలో సైతము వినఁబడుచుండునది. తిక్కనసోమయాజి నిర్వచనోత్తరరామాయణమునఁ దన పితామహుఁడగు మంత్రిభాస్కరుని గుంటూరి ప్రభువుగాను, సారవంతమైన కవిత్వము గలవానిఁగాను గొనియాడినాఁడు. దీనిని బట్టి కొందఱు విమర్శకులు భాస్కరరామాయణము మంత్రిభాస్కరునిదని యూహించిరి. వారి హేతువులు మూఁడు. తిక్కన తన తాత కవియని చెప్పుట మొదటిది. పూర్వకథను దాత రచించియుండుటచేతనే తిక్కన యుత్తరకథకుఁ బూనుకొనెననుట రెండవది. మంత్రిభాస్కరుని కుమారులలో మల్లనయను వాఁ డుండుటయు, రామాయణమునఁ గొన్ని కాండముల కర్త మల్లికార్జునభట్టు తాను భాస్కరపుత్రుఁడనని చెప్పుకొనుటయు మూఁడవది.

మొదటి హేతువు కవిత్వమును మాత్రమే సాధించును. కవియైన ప్రతివాఁడును రామాయణకర్త కావలెనను వ్యాప్తి లేదు. మనుమఁడు తాతకుఁ జెప్పినది కవితాసారమే కాని రామకథ కాదు.

రెండవ హేతువు చూచుటకు బలముగా నుండును. కాని తిక్కన భారతమునందును విరాటపర్వమునుండియే యారంభించెను. ఆది సభాపర్వములను, అరణ్యపర్వమునఁ గొంతభాగమును రచించిన నన్నయభట్టు తిక్కనకుఁ దాత కాఁడు. ఒకఁడు కథ నడుమ నారంభించుటకు ముందరి భాగము గృహమందే పుట్టియుండ నక్కఱలేదు. వాల్మీకమందే యుత్తరకాండము ప్రత్యేకకథగా నిలువఁగలది. కంకంటి పాపరాజు పదునెనిమిదవ శతాబ్దమున నుత్తరరామాయణమునే రచించెను. ఆతఁడట్లు చేయుటకుఁ దాతను వెదకినవాఁ డెవఁడును లేఁడు.

మూఁడవ హేతువు నామసామ్యసందేహమును మఱియొక నామసామ్యముచేఁ దీర్పఁబూనుట. మల్లన మల్లికార్జునుఁ డను పేరులు శ్రీశైలస్వామివలన వచ్చి తెలుఁగునేల నింటింట నున్నవి. సంశయితమును సంశయితముచే సాధించుట శాస్త్రమర్యాద కాదు. మంత్రిభాస్కరునకుఁ గేతన, మల్లన, సిద్ధన, కొమ్మన యని కుమారులు నలువురు. సిద్ధన కుమారుఁడు ఖడ్గతిక్కన. కొమ్మన కుమారుఁడు తిక్కనసోమయాజి. దశకుమారచరిత్రమును సోమయాజికే యంకితమిచ్చిన మూలఘటిక కేతన, యీ వంశమందలి కేతనకంటె వేఱు. ఒక్క యింటిచుట్టునే యింత నామసామ్య ముండఁగా, మల్లన యను పేరొక్కటి దేనిని సాధింపఁగలదు?

ప్రతిపక్షమున నిలుచు ప్రమాణము లంతకంటె దృఢములు. భాస్కరరామాయణము సాహిణి మారనకుఁ గృతి. ఆతఁడు కాకతి ప్రతాపరుద్రునికాలపు సేనానాయకుఁడు. ప్రతాపరుద్రుని యేలుబడి 1289 మొదలు 1323 వఱకు. తిక్కన యంతకుఁ బూర్వమే నెల్లూర మనుమసిద్ధి యాస్థానమున మంత్రియై వెలసినవాఁడు. ఆతని పితామహుఁ డాతనికి రెండు తరములు పైవాఁడు. మనుమనికిఁ దరువాతి కాలపు ప్రభువునకుఁ దాత కృతి యిచ్చుట పొసఁగదు. కావున రామాయణకర్త హుళక్కి భాస్కరుఁడే యనుట సమంజసము. 'హుళక్కి' యను నుపపదమును, 'మంత్రి' యను నుపపదమును పూర్వులు వృథాగాఁ బెట్టలేదు. ఆ యింటివారు తమ తిక్కన లిరువురను ఖడ్గముచేతను, సోమయాగముచేతను వేఱుపఱచుకొన్నట్లే, లోకమును భాస్కరుల నుపపదములచేత వేఱుపఱచుకొన్నది. ఉపపదమును జెఱిపివేసినవారు విమర్శకులు.

మంత్రిభాస్కరునియందలి గౌరవముచేత నా మహాకృతి నాతని కిచ్చితిమని కొందఱు తలఁచుచుండవచ్చును. ఆతనిదని నిశ్చయముగాఁ జూపఁదగిన కావ్యము నేఁడు లేకపోవుట తెలుఁగువారి దురదృష్టము. కాని సొమ్ము పోయినవానికిఁ బరుల సొమ్మిచ్చుట పరిహారము కాదు. మనుమఁడు భక్తితోఁ బలికిన యొక్క విశేషణమే యాతని కీర్తికిఁ జాలినది.

ఈ రామాయణమునందే రెండవ యేకశేషమును గలదు. అరణ్యకాండమును, యుద్ధకాండమునఁ గొంతభాగమును హుళక్కి భాస్కరుఁడు రచించెను. బాల కిష్కింధా సుందరకాండములు మల్లికార్జునభట్టువి. అయోధ్యాకాండము కుమారరుద్రదేవునిది. యుద్ధకాండశేషమును బూర్తిచేసినవాఁ డయ్యలార్యుఁడు. నలువురు కవులు శ్రమింపఁగా నొక్కని పేరే గ్రంథమునకు నిలిచినది. తల్లిదండ్రులను జెప్పుటకు 'పితరౌ' యని పితృశబ్ద మొక్కటియే మిగులునట్లు, ఇది విరూపైకశేషము. పితరౌ యన్నపుడు తల్లిని మఱచువాఁడు లేఁడు. భాస్కరరామాయణమన్నపుడు సుందరకాండకర్తను దలఁచువా రెందఱు? బాలురచే నొక పద్యమును వల్లింపించునపుడు కాండమును బట్టి కర్తను జెప్పుట యుపాధ్యాయునకు శ్రమమైన పని కాదు.

భాస్కరశతకము విషయము వీనికంటె విచిత్రము. అందు భాస్కరశబ్దము కర్తృనామమే కాదు, మకుటము. సంబోధ్యుని పేరు. కర్త మారవి వెంకయ్య. అయినను భాస్కరశతకము భాస్కరకవి కృతమని వ్రాయు బాలురు పెక్కురు. వేమనపద్యములందుఁ గవిపేరు మకుటముననే యుండుటచేత, మకుటమంతయుఁ గవిపేరేయను సంస్కారము బాలురకుఁ గలుగుచున్నది. ఇచ్చట నిరువు రొకఁడగుట కాక, లేని కవి యొకఁడు పుట్టి యున్న కవిని దాఁచివేయుచున్నాఁడు.

దర్శనములందు సిద్ధాంతమే వ్యావర్తకము. బ్రహ్మసూత్రములకు భాష్యము వ్రాసిన భాస్కరుఁడు భేదాభేదవాది. శాంకరమగు మాయావాదమును ఖండించినవాఁడు. అర్థసంగ్రహకర్త లౌగాక్షిభాస్కరుఁడు మీమాంసకుఁడు; తర్కకౌముదియు నాతనిదే. లలితాసహస్రనామములకు సౌభాగ్యభాస్కరమను వ్యాఖ్యను, వరివస్యారహస్యమును రచించిన భాస్కరరాయమఖి పదునెనిమిదవ శతాబ్దపు శ్రీవిద్యోపాసకుఁడు. వీరి నొకరితో నొకరిఁ గలుపువారు తక్కువ. ఏలయనఁగా వీరి గ్రంథములను జదివినవారే వీరినిఁ బేర్కొందురు. గ్రంథమును జదువక నామపట్టికను మాత్రము చదివినవారికే సాంకర్యము గలుగును. విమర్శకు నిదియే మొదటి పాఠము.

'మొదటి భాస్కరుఁడు, రెండవ భాస్కరుఁడు' అని నేఁటివారు పెట్టు నంకెలు సౌకర్యమునకు మాత్రమే. అవి గ్రంథములలో లేవు. వ్యక్తిని గూర్చి యేమియుఁ జెప్పవు. భారతదేశము 1979లోను, 1981లోను బ్రయోగించిన భాస్కర యను నుపగ్రహములకును ఒకటి రెండు నను నంకెలే యున్నవి. అవి ప్రయోగక్రమమును జెప్పునవి. రాఁబోవు బాలుఁడు 'భాస్కర రెండు' అను మాటను జూచి యాచార్యుఁడో యుపగ్రహమో తెలియక తబ్బిబ్బు పడకుండవలెనన్న, అంకె కంటె 'మహేశ్వరపుత్రుఁడు', 'ఆర్యభటీయభాష్యకారుఁడు' అని వ్రాయుటయే మేలు. నామమునకు ముందు రెండక్షరములు చేర్చుట లేఖకునకు భారము కాదు.

వ్యాకరణము శబ్దమును లోపింపఁజేసియు వ్యక్తిని వచనముచే రక్షించినది. వాఙ్మయచరిత్రకారులును ఆ మర్యాదనే పాటించి, పేరొక్కటి యైనను వ్యక్తులు పెక్కురైనచోట బహువచనమునే వాడుదురుగాక. భాస్కరుఁడని కాక భాస్కరులని చెప్పుటతో నీ దోషమున సగము పోవును. తక్కిన సగము, వారివారి గ్రంథములను విప్పి చదువుటతోఁ బోవును.