అడిగాక ఆగడం

తరగతిలో టీచరు ప్రశ్న అడిగిన మరుక్షణం ఏం జరుగుతుందో ఎప్పుడైనా గమనించండి. ముందు వరుసలో నాలుగు చేతులు లేస్తాయి. "నేను చెప్త టీచర్, నేను చెప్త" అంటూ ఇద్దరు సగం లేచి నిలబడతారు. టీచరు ఎవరినైతే అడిగిందో ఆ పిల్ల నోరు తెరిచేలోపే జవాబు పక్కనుంచి వచ్చేస్తుంది. "గుడ్" అని టీచరు పాఠం ముందుకు లాక్కెళ్తుంది. లేచిన పిల్ల కూర్చుంటుంది. ఆ పిల్లకు జవాబు తెలుసో తెలియదో గదిలో ఎవరికీ తెలియకుండానే ఆ ప్రశ్న అయిపోతుంది.

మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు ప్రాథమిక తరగతుల్లో సైన్సు పాఠాలను టేపుల మీద రికార్డు చేసి, ప్రశ్నకూ ఆ తర్వాత టీచరు మాట్లాడే మాటకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచింది. సగటున అది ఒక సెకను. 1974లో అచ్చయిన ఆమె పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. బాగా చదువుతారని టీచరు అనుకున్న పిల్లలకు రెండు సెకన్ల దాకా దక్కుతున్నాయి. వెనకబడ్డారని అనుకున్నవాళ్ళకు ఒక్క సెకను కూడా పూర్తిగా దక్కడం లేదు.

ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్ళకే తక్కువ ఇస్తున్నాం. ఇది చెడ్డ మనసుతో చేసే పని కాదని నాకు తెలుసు. జవాబు రాని పిల్లను నలుగురిలో నిలబెట్టి బాధపెట్టడం ఎందుకని చాలామంది టీచర్లు జాలితోనే త్వరగా దాటేస్తారు. ఆ జాలి పిల్లకు అర్థమయ్యే తీరు మాత్రం వేరు. "నేను చెప్తానని టీచరు అనుకోవడం లేదు" అని, అంతే అర్థమవుతుంది. పక్కనున్న ముప్పైమందికీ అదే అర్థమవుతుంది. ఎవరికోసం ఆగాలో, ఎవరిని దాటేయవచ్చో తరగతి మొత్తం మన దగ్గరే నేర్చుకుంటుంది.

మూడు సెకన్లు, ఆ పైన ఆగడం అలవాటు చేసుకున్న టీచర్ల తరగతుల్లో చాలా మారిందని రో రాసింది. పిల్లల జవాబులు పొడుగయ్యాయి. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడసాగారు. పిల్లలే ప్రశ్నలు వేయసాగారు. ఒకరు చెప్పినదాన్ని అందుకుని ఇంకొకరు మాట్లాడటం పెరిగింది. వీటన్నిటిలో ఆఖరిదే నాకు విలువైనది. టీచరు ఎంత ప్రేమగలదైనా ఆ ప్రేమ తన నుంచి ఒక్కొక్క పిల్లకూ విడివిడిగా చేరితే చాలదు. టీచరు సెలవు పెట్టిన రోజున ఆ తరగతి ఏమవుతుంది? పిల్లల నుంచి పిల్లలకు చేరేదే అక్కడ నిలుస్తుంది. నా అనుభవంలో దానికి మొదలు ఈ ఆగడమే.

దేవరకొండ వైపు ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాల మాది. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. మా దగ్గర ఈ ఆగడం ఎక్కువగా అక్కరకొచ్చేది లెక్కల పీరియడ్‌లో. 43లోంచి 17 తీసేయమంటే మూడో తరగతిలో కొందరు 34 అని వేస్తారు. ఎక్కడి పిల్లలైనా తీసివేత నేర్చుకునేటప్పుడు చేసే తప్పే ఇది. పలక చూడగానే "తప్పు" అనడం సులువు, ఇంకొకరిని లేపడం ఇంకా సులువు. "ఎట్ల చేసినవ్?" అని అడిగి ఊరుకుంటే మొదట ఆ పిల్లవాడు గబగబా చెరిపేస్తాడు. టీచరు అట్లా అడిగిందంటే తప్పయి ఉంటుందని వాడి లెక్క. అందుకే ఒప్పు వేసినవాళ్ళను కూడా అదే మాట అడగాలి, అదే గొంతుతో. కొన్ని వారాలు అట్లా అడిగితే చెరపడం ఆగిపోతుంది. చెప్పడం మొదలుపెడతారు.

"ఏడుల మూడు తీసేసిన, నాలుగు. నాలుగుల ఒకటి తీసేసిన, మూడు."

"మూడులోంచి ఏడు కదా తీయాలి?"

"మూడుల ఏడు పోదు టీచర్!"

ఆ మాటలో తప్పేమీ లేదు. చేతిలో మూడే ఉన్నప్పుడు ఏడు ఇవ్వలేమని వాడికి తెలుసు. తెలిసే, పోయే దారి వెతుక్కుని తిరగేసి తీశాడు. ఇది బుర్ర పెట్టనివాడు చేసే పని కాదు. నేను తరగతి వైపు తిరిగి, వీడు చెప్పేది నిజమే, మూడులో ఏడు పోదు, మరి ఏం చేద్దాం అంటాను. మళ్ళీ ఆగుతాను. ఈసారి నిశ్శబ్దం పొడుగ్గానే ఉంటుంది. ఎవరో పుల్లల కట్టలు తెచ్చుకుంటారు. పదేసి పుల్లలను రబ్బరు బ్యాండు వేసి కట్టిన కట్టలు నాలుగు, విడి పుల్లలు మూడు. ఒక పిల్ల కట్ట విప్పబోతుంది, ఇంకో పిల్ల వద్దంటుంది. ఒకడు దుకాణం సంగతి ఎత్తుతాడు. చిల్లర లేకపోతే పది నోటు ఇచ్చి చిల్లర తీసుకోమా అని. "అయితే నోటు ఇడిపియ్యాలె" అని మొదట 34 వేసినవాడే అంటాడు. అప్పటికి అది వాడి తప్పు కాదు, తరగతి లెక్క అయిపోయింది. ఒక్కడి పలక మీద పుట్టిన చిక్కును పదిమంది కలిసి విప్పారు. ఆ పూట రెండో లెక్క చేయలేదు మేము. సిలబస్ పట్టిక ప్రకారం అది వెనకబడటమే. జూన్, జూలైలలో ఇట్లా వెనకబడిన తరగతి దసరా సెలవుల తర్వాత పరుగెత్తుతుందని నా అనుభవంతో చెప్పగలను. అప్పటికి పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు కాబట్టి టీచరు ముప్పైసార్లు చెప్పాల్సిన పని ఉండదు.

జవాబు తెలిసిన పిల్లల సంగతి కూడా పట్టించుకోవాలి. వాళ్ళకు ఈ ఆగడం నిజంగా కష్టం. నోటిదాకా వచ్చినదాన్ని దిగమింగుకుని కూర్చోవాలి. ఊరికే కూర్చోమంటే అది వాళ్ళకు శిక్షలా తోస్తుంది. వాళ్ళకు వేరే పని ఇవ్వాలి. జవాబు చెప్పకుండా, అవతలివాళ్ళు జవాబు కనుక్కునేలా ఒక్క ప్రశ్న అడగమంటాను. జవాబు చెప్పడం కన్నా ఇది చాలా పెద్ద పని. లెక్క పూర్తిగా అర్థమైతే తప్ప అట్లాంటి ప్రశ్న పుట్టదు. క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి మొదటిసారి ఇందులో తడబడి, నాలుగోసారికి మంచి ప్రశ్న వేసినప్పుడు ఆ మొహం చూడాలి.

చప్పట్ల గురించి ఒక మాట. మా బళ్ళలో జవాబు చెప్పగానే "చప్పట్లు కొట్టండి" అనడం అలవాటు. పిల్లలు సంతోషిస్తారు, నిజమే. కానీ ఒప్పుకే చప్పట్లు మోగే చోట చప్పట్లు మోగకపోతే తప్పని అర్థం. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే పరిశోధకులు 1998లో ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, తెలివైనవాళ్ళని మెచ్చుకోలు పొందినవాళ్ళు ఆ తర్వాత కష్టమైన చిక్కు ప్రశ్నలు ఎదురైనప్పుడు త్వరగా చేతులెత్తేశారు. పడిన శ్రమను మెచ్చుకున్నప్పుడు పిల్లలు ఇంకాసేపు పట్టుకుని ఉన్నారు. మా తరగతిలో పిల్లవాడు ఏం చేశాడో ఆ పనిని పేరు పెట్టి చెప్పడమే మెచ్చుకోలు. "వాడు నోటు విడిపించాలన్నాడు, అందరికీ దారి దొరికింది" అంటే చాలు. ఆ మాట వాడు ఇంటికి మోసుకెళ్తాడు.

ఇదంతా ఒక పక్కన చేస్తూ ఇంకో పక్కన తరగతి లీడరుకు సుద్దముక్క ఇచ్చి, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయమంటే చేసినదంతా నీళ్ళపాలే. టీచరు బయటికి వెళ్ళగానే లీడరు రాయడం మొదలుపెడతాడు. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక ఇంటూ, ఇంకా మాట్లాడితే ఇంకో ఇంటూ. తనకు నచ్చనివాడి పేరు ముందు రాస్తాడు, స్నేహితుడిది తుడిచేస్తాడు. మనలో చాలామందిమి ఆ బోర్డు కింద పెరిగినవాళ్ళమే, అందుకే అందులో తప్పు కనిపించదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తోటివాళ్ళ మీద నిఘా పెట్టే పని అప్పజెప్పడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. బెత్తం గురించి అందరికీ గుర్తుంది. "డల్ పిల్లలు ఇటు కూర్చోండి" అనడం కూడా పిల్లలను నొప్పించేదేనని గుర్తు చేస్తే మాత్రం స్టాఫ్‌రూముల్లో ఇప్పటికీ వాదన జరుగుతుంది. ఆ వాదనలో నేను వెనక్కి తగ్గను.

కొందరి విషయంలో మూడు సెకన్లు చాలవు. మా బడికి తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లకు యాడి, అంటే అమ్మ, మాట్లాడే భాష ఒకటి, టీచరు మాట్లాడేది ఇంకొకటి. ప్రశ్నను ముందు తన భాషలోకి తెచ్చుకోవాలి, జవాబు వెతుక్కోవాలి, దాన్ని తెలుగులోకి మార్చుకోవాలి. అంత పని లోపల జరుగుతుంటే బయటికి కనిపించేది మౌనమే. ఆ మౌనాన్ని చూసి "ఈ పిల్లకేం రాదు" అని తేల్చేయడం ఎంత అన్యాయం! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, సవర, బంజారా (లంబాడీ) వంటి భాషల్లో వాచకాలు వేసి కొన్ని బళ్ళలో చదువు చెప్పించారు. మా బడికి అట్లాంటి వాచకం లేదు. ముందు నీ భాషలో పక్కదానికి చెప్పు, తర్వాత ఇద్దరూ కలిసి మాకు చెప్పండి అంటాను. రెండు భాషలూ వచ్చిన పిల్ల ఆ కాసేపూ తరగతికంతటికీ అవసరమైన మనిషి అవుతుంది. తెలుగు పిల్లలు కూడా నాలుగు లంబాడీ మాటలు పట్టేస్తారు. ఎవరూ నేర్పకుండానే.

"రైలుబడి" చదవని టీచరు మా తరంలో అరుదు. తెత్సుకో కురోయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన పుస్తకం అది. ఒక బడి నుంచి తీసేసిన ఆ పిల్లను టోక్యోలోని తోమోయే బడి హెడ్మాస్టరు కొబయాషి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెప్పాలనుకున్నదంతా చెప్పమని నాలుగు గంటలు విన్నాడు. 1937లో మొదలైన ఆ బడి 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది. ఆ నాలుగు గంటలు మాత్రం ఇన్నేళ్ళ తర్వాత మా స్కూల్ కాంప్లెక్స్ టీచర్ల సమావేశాల్లో కూడా మాటల్లోకి వస్తాయి. వెంటనే ఎవరో ఒకరు అంటారు, మనకెక్కడివి నాలుగు గంటలు, ఆన్‌లైన్ హాజరు వేయాలి, గుడ్ల లెక్క పంపాలి, రెండు తరగతులను ఒకే గదిలో చూడాలి అని. ఆ మాట నిజం. టీచరు సమయాన్ని యాప్‌లూ రిపోర్టులూ తినేస్తున్న తీరు మీద నాకూ కోపముంది, అది మారాలి. అయితే మారేదాకా మూడు సెకన్లు మన చేతిలోనే ఉన్నాయి. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర పడ్డాక అసలు పరీక్ష మొదలవుతుంది. మన రాష్ట్రాల బళ్ళలో 2003 జనవరి నుంచి వండిన భోజనం పెడుతున్నారు. పళ్ళెం పట్టుకున్న పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తే ఊరు మొత్తం కనిపిస్తుంది. ఏ వాడ పిల్లలు ఏ గోడవైపు చేరతారో, ఎవరు ఎవరి పళ్ళెం ముట్టరో తెలుస్తుంది. లెక్కల పీరియడ్‌లో ఒకరికోసం ఒకరు ఆగిన పిల్లలు ఇక్కడ విడిపోతే చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. ఉపన్యాసం చెప్పను. నేనూ పళ్ళెం తీసుకుని వరుసలో కూర్చుంటాను, రోజూ ఒకే చోట కాకుండా. పొద్దున కలిసి లెక్క చేసినవాళ్ళు కలిసే వడ్డించాలన్నది మా బడి పద్ధతి. కొన్ని ఇళ్ళ నుంచి గొణుగుడు వచ్చింది, ఒకరిద్దరు బడికొచ్చి అడిగారు కూడా. పద్ధతి మారలేదు.

సంక్రాంతి వెళ్ళాక మిరపకాయలు ఏరడానికి కొన్ని కుటుంబాలు ఖమ్మం వైపు పోతాయి. వాళ్ళతో పిల్లలూ పోతారు. అప్పుడు తరగతి ఆగాల్సింది సెకన్లు కాదు, నెలలు. పోయిన పిల్ల ఏ గుంపులో ఉందో ఆ గుంపులో పేరు అట్లాగే ఉంచుతాం. మొక్కలకు నీళ్ళు పోసే వంతులోనూ ఆ పేరు తీయం, ఆ రోజు ఇంకెవరో తన పేరున పోస్తారు. వారానికోసారి తల్లి ఫోనుకు చేసి పిల్లలే మాట్లాడతారు. ఏ పాఠం అయిందో చెప్తారు, కోడిపిల్లల సంగతులు ఇంకా ఎక్కువ చెప్తారు.

పోయినేడు అట్లా వెళ్ళిన నాలుగో తరగతి అమ్మాయి మార్చి నడుమ తిరిగొచ్చింది. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. ఎందుకు పోయిందో అందరికీ తెలుసు. అక్కడ ఏం చేశావని అడిగారు. కిలోకు ఇంత అని కూలి కడతారని, అమ్మ ఏరిన సంచి తూకం వేసేటప్పుడు తను పక్కనుండి లెక్క చూసుకునేదాన్నని చెప్పింది. సంచి బరువు తీసేసి, పైసలు కట్టి, సేటు చెప్పిన లెక్కతో సరిచూసేదట. కిలోలూ గ్రాములూ పాఠం మేం అప్పటికే చేసేశాం. అయినా పిల్లలు కాగితం తీసి తనను లెక్కలు అడిగారు, తను నోటితో చెప్తుంటే వీళ్ళు రాసి సరిచూశారు. భాగహారం మాత్రం ఏడాది చివరికి కూడా అందుకోలేదు. ఆ వారాలు తిరిగి రావు కదా. ఐదో తరగతి చూసే టీచరుకు ఆ పిల్ల గురించి ఒక కాగితం రాసిచ్చాను. భాగహారం ఇంకా రాలేదని, తూకం లెక్కలు నోటితో చేస్తుందని, అక్కడినుంచి మొదలుపెట్టవచ్చని.