నెట్ పోయాక మిగిలే పాఠం

హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారికి ఇంటర్నెట్‌లో ఏమేం దొరుకుతాయో చెప్పే జాబితాలకు ఇప్పుడు కొదవ లేదు. దీక్షా, ఈ-పాఠశాల, ఓల్యాబ్స్, ఫెట్, ఖాన్ అకాడమీ, ఆపైన ఎవరూ లెక్కపెట్టలేనన్ని యూట్యూబ్ చానళ్లు. శిక్షణ తరగతి ముగిసే వేళకు ఇవన్నీ లింకులై వాట్సాప్ గ్రూపులోకి వచ్చి పడతాయి. వాటిని ఎవరు తెరుస్తారు, తెరిచినా నలభై మంది పిల్లల ముందు ఏం చేసుకుంటారు అన్నది జాబితా రాసినవారికి పట్టదు. సరుకు ఇంతగా పెరిగినప్పుడు ఏరుకోవడమే అసలు విద్య. ఏరడానికి ఒక గీటురాయి కావాలి. నేను బస్తర్‌ను గీటురాయిగా పెట్టుకుంటాను. అక్కడ నిలవాలంటే ఏ వనరైనా రెండు పరీక్షలు నెగ్గాలి: నెట్ పోయినా పనిచేయాలి, తెర మీద మొదలైనా తెర బయట పూర్తవ్వాలి. ఈ రెండూ నెగ్గినదాన్ని ముందు పెట్టుకుని, మిగతావాటిని తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

బస్తరే ఎందుకంటే, అక్కడ ఈ పరీక్షలను తప్పించుకునే వీలు లేదు. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఏడు జిల్లాల డివిజన్ అది. ఇళ్లలో హల్బీ, గోండీ, ధుర్వా, భత్రీ, దోర్లీ వినిపిస్తాయి. బీజాపూర్ జిల్లా భోపాలపట్నంలో, సుక్మా జిల్లా కుంటలో తెలుగూ వినిపిస్తుంది. హైదరాబాదు నుంచి వరంగల్, ములుగు మీదుగా వెళ్లే 163వ జాతీయ రహదారి ఆగేది భోపాలపట్నంలోనే. బడిలోకి అడుగుపెడితే మాత్రం పాఠం హిందీలో. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా లేచిన సల్వాజుడుంతో మొదలైన ఘర్షణలో దక్షిణ బస్తర్‌లో వందల బడులు మూతపడ్డాయి. భవనాలు పోయినచోట వెదురు తడికలతో లేపిన పోటా కేబిన్లనే ఆశ్రమ బడులు పిల్లల చదువు నిలబెట్టాయి. మూతబడిన బడుల్లో రెండు వందలకు పైగా 2022లో మళ్లీ తెరుచుకున్నాయి. ఇంత దాటుకుని తొమ్మిదో తరగతికి చేరిన పిల్లకు విద్యుత్తు, ఆమ్లం, కణం గురించి చెప్పాల్సిన ఉపాధ్యాయుడికి ఏ వెబ్‌సైటు అక్కరకొస్తుంది అన్నదే ప్రశ్న.

దీనికి సగం జవాబు 2020లోనే దొరికింది. లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే, ఏప్రిల్‌లో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ అనే పోర్టల్ తెరిచింది. చదువును గుమ్మంలోకి తెస్తామన్నది దాని పేరులోనే ఉంది. గుమ్మం దాకా సిగ్నల్ రాని ఊళ్లకు ఆ పోర్టల్ చేరలేదు. దాంతో పాఠాన్ని నెట్ నుంచి బయటికి లాగే ఉపాయాలు మొదలయ్యాయి. ‘బుల్టు కే బోల్’ పేరుతో పాఠాలను ఆడియోలుగా మార్చి, మామూలు ఫోన్లలోకి బ్లూటూత్‌తో పంచారు. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు, సంతలో చేతులు మారే సరుకులాగే. బస్తర్ జిల్లా భాట్‌పాల్ గ్రామంలో లౌడ్‌స్పీకర్లు కట్టి పాఠాలు వినిపించారు. సీజీనెట్ స్వర వంటి ప్రయత్నాలు అంతకు పదేళ్ల ముందు నుంచే ఫోను గొంతును అడవి ఊళ్లకు వార్తాపత్రికగా మార్చి ఉండటంతో, ఇది అక్కడివారికి మరీ కొత్తగా తోచి ఉండదు. నగరంలో కూర్చుని చూస్తే ఇవి గతిలేని ఉపాయాలు. నా లెక్కలో ఇవే సరైన దారి: వనరు సర్వర్‌లో ఉంటే చాలదు, అక్కడి నుంచి దిగి నడవగలగాలి. అయితే వాటికొక హద్దూ ఉంది. గొంతుతో కథ చెప్పొచ్చు, చరిత్ర చెప్పొచ్చు. అయస్కాంతం పక్కన తీగచుట్ట ఎందుకు తిరుగుతుందో గొంతు ఒక్కటీ చెప్పలేదు. రెండో పరీక్ష అవసరం ఇక్కడే.

తెర బయట పూర్తయ్యే పాఠానికి ఇంటర్నెట్ కంటే పాత చరిత్ర ఉంది. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఒక సైన్సు బోధనా కార్యక్రమం మొదలైంది. అప్పటికి బస్తర్ కూడా అదే రాష్ట్రంలో ఉంది. పిల్లలు ప్రయోగం చేసి, చూసినది రాసుకుని, దాని మీద వాదించుకోవడమే అక్కడ పాఠం. 1982లో దాన్ని ఏకలవ్య సంస్థ అందుకుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1970ల చివర ఆ కార్యక్రమంలో పనిచేస్తూనే సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో జ్యామితి ఆకారాలు కట్టించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయన వెబ్‌సైటులో వందల బొమ్మల వీడియోలు, పుస్తకాలు ఉచితంగా ఉన్నాయి. బ్యాటరీ, అయస్కాంతం, రాగి తీగ, రెండు పిన్నీసులతో తిరిగే మోటారు వీటిలో ఒకటి. వీడియోను ఉపాధ్యాయుడు ఒక్కసారి చూస్తే చాలు, తరగతికి దాన్ని చూపించనక్కర్లేదు. ఆ వనరు గొప్పతనం అదే, తన అవసరం తానే తీసేసుకుంటుంది.

ఈ పద్ధతికి బస్తర్‌లో ముడిసరుకు దండిగా ఉంది. ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టే ఎర్రచీమలతో అక్కడ చప్డా పచ్చడి నూరుతారు, దాని పులుపులో చీమల ఫార్మిక్ ఆమ్లం పాలూ ఉంది. మందారపూల రసంలో ముంచి ఆరబెట్టిన కాగితాన్ని చీమల గూటి దగ్గర పెట్టి రంగు ఎక్కడ మారిందో చూడమంటే పదో తరగతి ఆమ్లాల అధ్యాయం మొదలైనట్టే. 17వ శతాబ్దంలో జాన్ రే అనే ఆంగ్లేయుడు లండన్ రాయల్ సొసైటీకి ఇంచుమించు ఇదే రాశాడు, చీమల పుట్టలో పడ్డ నీలి పూలు ఎర్రబడతాయని. ఆ సొసైటీ పాత సంచికలు ఇప్పుడు నెట్‌లో ఉచితం కనుక, కోరిన ఉపాధ్యాయుడు ఆ లేఖనూ పిల్లలకు చూపించొచ్చు. సున్నపు తేటలోకి ఊదితే పాలలా మారడం, ఇంకా ఊదితే మళ్లీ తేటపడటం పాఠ్యపుస్తకంలో ఉంది. ఆ రెండో చర్య వెనక్కి నడిచి సున్నం మళ్లీ గడ్డకడితే కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహలో వేలాడే రాతి ఊడలు తయారవుతాయి. (గుహ రాయి విరగ్గొట్టక్కర్లేదు, నత్తగుల్ల మీద నిమ్మరసం పిండినా బుడగలు వస్తాయి.) బైలదిల్లా ఖనిజపు ముక్కను గరుకు పెంకు మీద గీస్తే ఎర్రటి చార పడుతుంది, హెమటైట్ అని గుర్తుపట్టే పద్ధతి అదే, విశాఖ రేవుకు రైళ్లలో వెళ్లే రాయి అదే. కొండగావ్‌లో మైనం అచ్చు కరిగించి ఇత్తడి బొమ్మలు పోసే ఘఢ్వా పనివాడి కొలిమి ముందు నిలబెడితే ద్రవీభవన స్థానం గురించి వేరే వీడియో అక్కర్లేదు. ఇంటర్నెట్ చేయాల్సిన పని, ఈ వస్తువుల్లో ఏ పాఠం దాగుందో ఉపాధ్యాయుడికి చూపించడం.

ఇక్కడ నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఒకటి ఉంది, దాన్ని దాటేయడం కుదరదు. 2005లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫింకెల్‌స్టైన్ బృందం ఒక పరిశోధన అచ్చువేసింది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థుల్లో కొందరికి నిజం బల్బులు, తీగలు ఇచ్చారు. మిగతావారికి కంప్యూటర్ మీద ఫెట్ సర్క్యూట్ సిమ్యులేషన్. తర్వాత పరీక్షిస్తే భావనల్లోనే కాదు, నిజం సర్క్యూట్ కట్టి అది ఎలా పనిచేస్తుందో చెప్పడంలో కూడా సిమ్యులేషన్ వాడినవారే ముందున్నారు. మరి చేతి పనికి ఎందుకింత పెద్దపీట? నా సమాధానం ఇది. ఆ తెర మీద ఎలక్ట్రాన్లు కదలడం కనిపిస్తుంది, తీగలో కనిపించదు. కంటికి అందనిదాన్ని చూపినచోట తెర నెగ్గింది. వాళ్లు కాలేజీ విద్యార్థులు, ఏం వెతకాలో చెప్పే మార్గదర్శక పత్రం ముందుంది, పక్కన బోధకులున్నారు, చివర నిజం సర్క్యూట్ కట్టించారు. కాబట్టి అణువు, కరెంటు, వాయు పీడనం వంటి కనబడని సంగతులకు తెరను, చీమ, సున్నం, ఖనిజం వంటి కనబడేవాటికి చేతిని వాడాలి. కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఈ ఫెట్ నా మొదటి పరీక్షకూ నిలుస్తుంది. ఒక్కో సిమ్యులేషన్ కొన్ని ఎంబీల ఫైలు, దించుకుంటే నెట్ లేకుండా ఫోన్ బ్రౌజర్‌లో నడుస్తుంది, హిందీలోనూ కొన్ని తెలుగులోనూ తెరుచుకుంటుంది. ఒకటే లోటు. దాన్ని పిల్ల చేతికిచ్చి వదిలేస్తే బ్యాటరీలకు మంట పెట్టే ఆటగా మారుతుంది. ముందుగా ఒక ప్రశ్న ఉండాలి.

ప్రశ్న లేకుండా పరికరం ఒక్కటే ఇస్తే ఏమవుతుందో పెరూ చూపించింది. అక్కడి పల్లె ప్రాథమిక బడుల్లో పిల్లకో లాప్‌టాప్ పంచిన పథకాన్ని 319 బడుల్లో పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. సాధారణ ఆలోచనా పరీక్షల్లో కొంత మెరుగు కనిపించినా, లెక్కల్లో, భాషలో మార్కులు కదల్లేదు. దీనికి భిన్నంగా నడిచిన పని మన పక్కనే ఉంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి నడిపిన క్లిక్స్ కార్యక్రమం ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, రాజస్థాన్, మిజోరం ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాగింది. యునెస్కో 2017 బహుమతి కూడా దానికి వచ్చింది. బడి కంప్యూటర్ గదిలో సొంత సర్వర్ పెట్టి, నెట్ లేకుండా నడిచేలా ఖగోళం, చలనం, ధ్వని, ఆరోగ్యం వంటి అంశాలను మలిచారు. వాటిలో తెర ముందు పనీ ఉంది, తెర వదిలి చేసే పనీ ఉంది, ఉపాధ్యాయులు ఒకరినొకరు అడిగి తెలుసుకునే ఏర్పాటూ ఉంది. ఛత్తీస్‌గఢ్ కోసం హిందీలో, తెలంగాణ కోసం తెలుగులో ఒకే పాఠాన్ని తయారుచేయడం భోపాలపట్నం దృష్టితో చూస్తే చిన్న విషయం కాదు.

ఇదంతా నిన్నటి గోల, టవర్లు పడుతున్నాయి, రేపు అందరికీ నెట్ వస్తుంది అనేవారున్నారు. నిజమే, రావాలి కూడా. అసర్ 2023 విద్యా సర్వే ప్రకారం, అది చూసిన గ్రామీణ జిల్లాల్లో 14-18 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతానికి స్మార్ట్‌ఫోన్ ఉంది. అయినా మొదటి పరీక్షను వదలను. దించుకోగలగడం అంటే సిగ్నల్ సంగతి ఒక్కటే కాదు, ఆ పాఠం ఎవరి సొంతం అన్నది కూడా. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచింది. పాఠాలు లోపలే నింపి ఇచ్చారు, నెట్ అక్కర్లేదు. కాని ఆ పాఠాలు బైజూస్‌వి. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. నెట్ లేకుండా నడిచే పాఠమైనా, ఉపాధ్యాయుడు దాన్ని కోసి, అతికించి, తన పిల్లల భాషలోకి మార్చుకునే హక్కు లేకపోతే అది అద్దె ఇల్లే. ఫెట్, క్లిక్స్ మార్చుకోవడానికి అనుమతిస్తాయి. అందుకే నా జాబితాలో వాటికి పైవరస.

నాకు జవాబు చెప్పడం కష్టమనిపించే ఆక్షేపణ ఇంకొకటి. నగరపు పిల్లకు అటల్ టింకరింగ్ ల్యాబు, రోబో, త్రీడీ ప్రింటరు. బస్తర్ పిల్లకు చీమలు, నత్తగుల్లలా? పేదవాళ్లకు పేద సైన్సు అంటగట్టడం కాదా ఇది? ఒక్కో అటల్ ల్యాబుకు కేంద్రం ఇచ్చేది రూ.20 లక్షల వరకు. ఆ డబ్బు బస్తర్ హైస్కూళ్లకూ రావాలి, అందులో రాజీ లేదు. సూక్ష్మదర్శినికి బదులు మందారం అని ఏ అధికారి అన్నా ఒప్పుకోకూడదు. అయితే ల్యాబు వచ్చాక కూడా మందారం పనికొస్తుంది, పైగా నగరపు బడికీ పనికొస్తుంది. హైదరాబాదు కార్పొరేట్ బడిలో సున్నపు తేటను వీడియోలో చూసి మార్కులు తెచ్చుకునే పిల్ల సైన్సు కూడా పేదదే, ఫీజు ఎక్కువన్నమాటే గాని.

ఇలా చదివితే మార్కుల పరీక్షల సంగతేమిటనేవారికి హోషంగాబాదే జవాబు, హోషంగాబాదే హెచ్చరిక. అక్కడ పుస్తకం చూసి రాసే పరీక్ష, చేతితో చేసి చూపే పరీక్ష పెట్టి ముప్పై ఏళ్లు నడిపారు. 2002లో ప్రభుత్వం ఒక నిర్ణయంతో ఆపేసింది. ఆ కార్యక్రమం పుస్తకాలు ఈనాటికీ నెట్‌లో చదువుకోవచ్చు; ఆ బడుల్లో ఆ పద్ధతి మాత్రం లేదు. వనరు బతికి, వాడుక పోయింది. ప్రశ్నపత్రం మారకుండా, వారానికి ఒక పీరియడు దీనికని రాసిపెట్టకుండా, ఎంత మంచి వెబ్‌సైటు చూపించినా ఉపాధ్యాయుడు మళ్లీ గైడు పుస్తకానికే వెళతాడు. ఆయన్ను తప్పుపట్టలేం.

చేయగలిగే పని చిన్నదే. బ్లాక్ వనరుల కేంద్రంలో రాస్ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటరు మీద కొలిబ్రీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు పెడితే, నెట్ లేకుండానే చుట్టూ ఉన్న ఫోన్లకు వైఫైతో పాఠాలు అందుతాయి. అందులో ఎంపిక చేసిన ఫెట్ సిమ్యులేషన్లు, అరవింద్ గుప్తా వీడియోలు, క్లిక్స్ అంశాలు హిందీ-తెలుగు రెండింటిలో, ఆంధ్ర, తెలంగాణల తెలుగు-ఇంగ్లిష్ ద్విభాషా పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఉంచితే భోపాలపట్నం, కుంట ఉపాధ్యాయులు నెలకోసారి వచ్చి మెమరీ కార్డులో నింపుకెళ్లొచ్చు. దానికి తోడు చీమలు, సున్నం, ఖనిజం, ఘఢ్వా కొలిమి మీద ఒక్కో పేజీ ప్రశ్నపత్రాలు అక్కడివారే రాయాలి, దోర్లీ మాటలతో సహా. అలాంటివి నాకు ఏ సైటులోనూ కనిపించలేదు. తెలుగు వైపు నుంచి జన విజ్ఞాన వేదిక, మంచి పుస్తకం వంటి సంస్థలు చేయి వేస్తే ఆ పని ఒక వేసవి సెలవుల్లో అవుతుంది. ఖర్చు ఒక స్మార్ట్ బోర్డు ధర దాటదు. ఏటా జూన్‌లో ఆ కార్డును ఎవరు సరిచూస్తారు, పాడైతే ఎవరు మారుస్తారు అన్నది మాత్రం పేరుతో సహా ఉత్తర్వులో రాసి ఉండాలి.