కరక్కాయ, కసిం, కలం

కళనూ విజ్ఞానశాస్త్రాన్నీ ఒకచోట చేర్చే ప్రయత్నాలకు ఈ కాలంలో ఆదరణ బాగానే ఉన్నా, వాటిలో చాలా వరకు పరిశోధనశాలలో తేలిన విషయానికి చిత్రకారుడు బొమ్మ వేసి పెట్టడంతోనో, చిత్రకారుడి ఊహకు ఇంజనీరు నాలుగు దీపాలు అమర్చి పెట్టడంతోనో ఆగిపోతాయి. అందులో తప్పేమీ లేదు గాని, అలాంటి చోట ఒకదాని మాట మరొకటి వినవలసిన అవసరం రాదు. పదార్థం తన స్వభావం కొద్దీ ఎదురు తిరిగినప్పుడు చేతిపని దారి మార్చుకోక తప్పని చోటనే ఆ రెంటికీ నిజమైన పొత్తు కుదురుతుందనుకుంటే, అందుకు తెలుగు నేల మీద కలంకారీని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో గుడ్డ మీద బొమ్మలు రాసే పనినీ, మచిలీపట్నం, పెడన ప్రాంతాల్లో చెక్క అచ్చులతో సాగే అద్దకాన్నీ కలిపి ఈ పేరుతో పిలవడం వాడుక. చేతి పద్ధతి వేరైనా రెంటికీ అడుగున ఉన్న రసాయనం దాదాపు ఒక్కటే.

ఈ పని రంగుతో మొదలు కాదు. ముతక నూలు గుడ్డను ఉతికి గంజి వదిలించిన తరువాత, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండబెడతారు. నూలు పోగు దాదాపు అంతా సెల్యులోజ్ కావడం వల్ల, చెట్ల నుంచి తీసిన రంగుల్లో చాలావాటికి దాని మీద పట్టు దొరకదు. పూసినప్పుడు ఎంత కాంతిగా ఉన్నా రెండు ఉతుకులకు అవి వెలిసిపోతాయి. కరక్కాయను కొరికితే నోరంతా వగరెక్కించే పదార్థమే టానిన్. అది పోగును అంటిపెట్టుకుని ఉండి, ఆ తరువాత వచ్చే లోహపు లవణాన్ని కొక్కెంలా పట్టి ఆపుతుంది. పాలు చేసే సాయం వేరు. పాలలోని కొవ్వు పోగుల సందుల్లో చేరి, కలం నుంచి దిగే ద్రవం పక్కలకు పాకకుండా అడ్డుపడుతుంది. పాలు చాలకపోతే గీత అంచు చెదిరి, దేవత కనుబొమ్మ కాస్తా గొంగళిపురుగులా తయారవుతుంది. కొత్త కలంకారీ గుడ్డ మడత విప్పగానే ముక్కుకు తగిలే ఆ పాలవాసనను లోపంగా భావించే కొనుగోలుదారులు లేకపోలేదు గాని, గీత నిలకడకు చెల్లించిన మూల్యం అది.

నలుపు తయారీ ఇంకా విచిత్రమైనది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లంతో కలిపి, కుండలో నీళ్ళు పోసి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచుతారు. బెల్లంలోని చక్కెర పులిసి మొదట సారాగా, తరువాత సిర్కాలో ఉండే ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం ఇనుమును కరిగించగా వచ్చే ద్రవాన్నే పనివారు కసిం అంటారు. రసాయన పరిభాషలో దీన్ని ఇనుప ఎసిటేట్ అనవచ్చు. చింత పుల్లను కాల్చి చేసిన బొగ్గుతో ముందుగా బొమ్మ ఆకారాన్ని లీలగా గుర్తు పెట్టుకుని, ఆ తరువాత కలాన్ని కసింలో ముంచుతారు. ఈ కలం కొనదేరిన వెదురు పుల్ల. కొనకు కాస్త ఎగువన ఉన్ని గాని గుడ్డ గాని ఉండగా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండ ద్రవాన్ని పీల్చుకుని ఉంటుంది, వేళ్ళతో దాన్ని ఎంత నొక్కితే అంత ద్రవం కొనకు దిగుతుంది. కలం తాకిన క్షణంలో గుడ్డ మీద ఉండేది పలచని, నీళ్ళలాంటి గీత మాత్రమే. కరక్కాయ టానిన్‌తో ఇనుము కలిసి, దానికి గాలిలోని ఆక్సిజన్ కూడా తోడుకాగా, చూస్తుండగానే అది బూడిద రంగుకూ, అక్కడి నుంచి కారునలుపుకూ తిరుగుతుంది. అంటే ఇక్కడ చిత్రకారుడు నల్లరంగు పూయడం లేదు. నల్లరంగు పుట్టడానికి కావలసిన రెండింటిలో ఒకదాన్ని గుడ్డ అంతటా ముందే పరిచి, రెండోదాన్ని తనకు గీత కావలసిన చోట మాత్రమే తెచ్చి పెడుతున్నాడు.

ఎరుపు విషయంలో ఈ తర్కం మరింత దూరం పోతుంది. ఎరుపు రావలసిన చోట రాసేది ఎరుపు కాదు, పటిక నీళ్ళు. పటిక అల్యూమినియం లవణం, దానికి సొంత రంగంటూ లేదు. గీసింది కంటికి ఆనడానికి అందులో వెలిసిపోయే రంగేదైనా కాస్త కలుపుకోవడం పాత పద్ధతుల్లో కనిపిస్తుంది గాని, అది గుర్తు కోసమే. పటిక రాసిన గుడ్డను ఆరబెట్టి, పారే నీటిలో జాడించి, చిరివేరు అనే మొక్క వేరు వేసిన రాగి గంగాళంలో ఉడికిస్తే, వేరులోని అలిజరిన్ అనే పదార్థం అల్యూమినియం ఉన్న చోటల్లా గట్టిగా పట్టుకుని ఎర్రగా తేలుతుంది. ఇలా రంగుకూ పోగుకూ మధ్య నిలిచి రెంటినీ కలిపే లోహపు లవణాన్ని రంగుబంధకం అంటారు. ఇందులోని అసలు చమత్కారం ఏమిటంటే, అదే గంగాళంలో, అదే వేరు ఉడికిన నీటిలో, ఇనుము ఉన్న చోట నలుపుకు దగ్గరైన ముదురు ఊదా వస్తుంది, ఇనుమూ పటికా కలిసిన చోట ఆ పాళ్ళను బట్టి రకరకాల ఛాయలు వస్తాయి, రెండూ లేని చోట గుడ్డకు పట్టేది ఉతికితే పోయే మరక మాత్రమే. గంగాళం ఒకటే అయినా రంగులు అనేకం. ఏ రంగు ఎక్కడ రావాలో గంగాళం ఎక్కకముందే, లవణాలతో, గుడ్డ మీద రాసి ఉంటుంది. ఫలితాన్ని చూడకుండా దాన్ని ముందే మనసులో కట్టుకుని పనిచేసే ఈ నేర్పు చిత్రకారుడికి ఎంత సహజమో ప్రయోగశాలలో పనిచేసేవాడికీ అంత సహజం.

ఉడికిన గుడ్డ గంగాళంలో నుంచి బయటికి వచ్చినప్పుడు తెల్లగా ఉండవలసిన భాగాలు కూడా మురికి గులాబీగా ఉంటాయి. పేడ నీళ్ళలో ఉంచి, ఏటి ఇసుక మీద పరచి, ఆరకుండా నీళ్ళు చల్లుతూ ఎండలో ఉంచితే, లోహంతో కట్టుబడిన రంగు తట్టుకుని నిలుస్తుంది, ఊరికే అంటుకున్న రంగు విరిగి పోతుంది. పేడ మాట వినగానే దీన్ని మొరటు పద్ధతిగా తీసిపారేసేవారు గమనించవలసిన విషయం ఒకటుంది. యూరప్ అద్దకపు కర్మాగారాలు కూడా చాలాకాలం పేడ తొట్లనే నమ్ముకున్నాయి. 19వ శతాబ్దంలో రసాయనవేత్తలు ఆ పేడ చేసే పనిలో కొంత దానిలోని ఫాస్ఫేట్‌లదని గుర్తించిన తరువాతే వాటి స్థానంలో ఫాస్ఫేట్ లవణాలు వచ్చాయి.

కోరమాండల్ తీరపు గుడ్డల రంగు ఉతికేకొద్దీ పోకుండా ఎలా నిలుస్తుందన్న ప్రశ్న యూరప్‌కు వ్యాపారపు ప్రశ్నగానే మొదలైంది. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొలువు తీరినప్పటి నుంచి ఈ గుడ్డలకు పెరిగిన గిరాకీ ఎంతటిదంటే, సొంత నేతగాళ్ళ గగ్గోలుకు తలొగ్గి ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని కొనసాగించింది, 1721లో ఇంగ్లండు కూడా అద్దకపు నూలు గుడ్డల వాడకాన్ని చాలా మేరకు కట్టడి చేసింది. సరిగ్గా ఆ నిషేధకాలంలోనే, 1734 ప్రాంతంలో, బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఒక రంగుల పనివాడిచేత గుడ్డ తయారు చేయిస్తూ, ఒక్కొక్క దశ ముగిసినప్పుడల్లా ఒక ముక్క కత్తిరించి తన రాతతో పాటు భద్రపరిచాడు. ఆయనను ఈ పనికి పురమాయించిన ద్యుఫే, విద్యుత్తులో రెండు రకాలున్నాయని తేల్చిన శాస్త్రవేత్త, ఫ్రాన్స్‌లో రంగుల పరిశ్రమ పర్యవేక్షణ కూడా చూసినవాడు. ఆ రాతప్రతి, ముక్కలతో సహా, పారిస్‌లోని ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. మాటల్లో రాసిన వంటకం ఎంత వివరంగా ఉన్నా ఏదో ఒకటి జారిపోతుంది గనుక, దశ దశకూ గుడ్డనే సాక్ష్యంగా నిలిపిన ఆ పద్ధతి, కళను శాస్త్రం అర్థం చేసుకోవడానికి చేసిన ప్రయత్నాలన్నిటిలోకీ తెలివైన వాటిలో ఒకటి.

దాని తరువాత వచ్చిన కేర్దూ ఉత్తరం ఇంతకన్నా పేరుపొందింది. గాస్టన్ లారెంట్ కేర్దూ అనే జెసూట్ మతగురువు 1742లో రంగుల పద్ధతిని ఉత్తరంగా రాసి పంపగా, అది అచ్చయి యూరప్ కర్మాగారాల్లో పాఠ్యమైంది. తెలుగు నేర్చి, తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి మాటలతో నిఘంటువు కూర్చిన ఈ పండితుడు, క్రైస్తవం పుచ్చుకున్న రంగుల పనివారిని అడిగి ఈ రహస్యాలు రాబట్టాడు. దాన్ని విజ్ఞాన వినిమయమని పొగడడం కన్నా పారిశ్రామిక గూఢచర్యమని చెప్పడమే సబబు, ఎందుకంటే ఇచ్చినవారి పేర్లు ఎక్కడా లేవు, వారికి తిరిగి దక్కిందేమీ కనిపించదు. సామర్లకోటలో తోట పెంచి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో మొదలుపెట్టి వెలువరించిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో చిరివేరుకు కూడా చోటిచ్చాడు. ఆ గ్రంథపు బొమ్మలు గీసిన దేశీయ చిత్రకారుల పరిస్థితీ దాదాపు అదే.

చిరివేరు కథ 1868లో మలుపు తిరిగింది. బెర్లిన్‌లో గ్రేబ, లీబర్మన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు తారు నుంచి వచ్చే ఆంత్రసీన్‌తో అలిజరిన్‌ను తయారు చేశారు. ప్రకృతిలో దొరికే రంగుల్లో మనిషి చేతిలో మొదట పుట్టింది ఇదే. మరుసటి సంవత్సరమే దాన్ని చవకగా తీసే దారి దొరకడంతో, యూరప్‌లో మంజిష్ఠ జాతి మొక్కల సాగూ, ఇక్కడ వేరు తవ్వేవారి బతుకూ రెండూ కూలిపోయాయి. ఈనాడు అద్దకంలో వాడే ఎరుపు చాలా చోట్ల ఆ కర్మాగారపు అలిజరినే కావడం చూసి, ఇది కలంకారీ కాదని గొంతు చించుకునేవారున్నారు. అణువు అణువే గనుక చిరివేరులోని అలిజరిన్‌కూ డబ్బాలోని అలిజరిన్‌కూ తేడా లేదన్న రసాయనవేత్త మాట కాదనలేనిది. అయితే వేరులో అలిజరిన్ ఒక్కటే ఉండదు, దానితో పాటు ఉండే తోటి పదార్థాలు ఛాయను కొంత మారుస్తాయి, ఎరుపు నిలవడానికి అల్యూమినియంతో పాటు కాల్షియం కూడా కావాలి. సున్నం కలిసిన తీరపు నేలల్లో పెరిగిన వేరుకు పేరు రావడానికి అదే కారణం కావచ్చునన్న ఊహ అందుకే కొట్టిపారేయదగింది కాదు. మంజిష్ఠలో పర్ప్యూరిన్ అనే మరో పదార్థం ప్రధానం. చిరివేరులో అది లేకపోవడం వల్ల, పాత గుడ్డ నుంచి తీసిన ఒక్క పోగును విశ్లేషించి ఏ వేరుతో అద్దారో చెప్పడం వీలవుతోంది. శుద్ధివాదులు అడగవలసింది రంగు ఎక్కడ పుట్టిందని కాదు, అలిజరిన్ పేరు కూడా లేని, రంగుబంధకం అక్కరే లేని చవక రంగులను స్క్రీన్ మీద నుంచి తోసి, దాన్ని కలంకారీ పేరుతో అమ్మడం గురించి.

1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడడం, కమలాదేవి ఛటోపాధ్యాయ పూనిక, 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి వంటివారి కృషి, ఈ విద్యను అంతరించిపోకుండా నిలిపాయి. అయితే ప్రభుత్వాలు, సంస్థలు కలంకారీకి చేసే సాయం ఎక్కువగా కొత్త డిజైన్ల చుట్టూ తిరుగుతుంది. చీర అంచు మీద ఏ బొమ్మ ఉంటే అమ్ముడుపోతుందన్న చర్చకు దొరికే శ్రద్ధలో పదో వంతు కూడా నీటికి దొరకదు. పని అంతా కడగడం మీదే ఆధారపడింది. రాసిన పటికలో పోగుకు పట్టనిది పారే నీటిలో కొట్టుకుపోకపోతే, అది గంగాళంలో చేరి ఉండకూడని చోట ఎరుపు పుట్టిస్తుంది. శ్రీకాళహస్తి పక్కనున్న స్వర్ణముఖి నది ఏడాదిలో చాలా భాగం ఇసుకే గనుక పనివారు బోరు నీటిని ఆశ్రయించక తప్పదు. ఆ నీటిలో ఇనుము ఉంటే ఎరుపు మకిలిపట్టి ఊదాకు తిరుగుతుంది, కాల్షియం ఎక్కువైతే రంగు మరో తీరున మారుతుంది. ఒకే పాళ్ళతో రెండు వీధుల్లో అద్దిన గుడ్డలు రెండు ఛాయల్లో తేలడానికి చేతివాటం కన్నా నీళ్ళే కారణం కావడానికి అవకాశం ఎక్కువ.

ఇంకొక చిక్కు నలుపులోనే ఉంది. ఇనుమూ టానిన్ కలిసిన ఆ నలుపు కాలక్రమంలో నూలు పోగును తినేస్తుంది. మ్యూజియంలలోని పాత కోరమాండల్ గుడ్డల్లో ఎరుపు చెక్కుచెదరకుండా ఉండగా నల్ల గీతలు ఉన్న చోట మాత్రం గుడ్డ రాలిపోయి సన్నని చీలికలు మిగలడం సంరక్షకులకు తెలిసిన సమస్య. కసింలో ఇనుమూ ఆమ్లమూ ఎంత మిగిలి ఉంటే గుడ్డకు ముప్పు అంత హెచ్చు గనుక, నలుపు గాఢత తగ్గకుండా ఆ పాళ్ళను ఎంతవరకు తగ్గించవచ్చో, కుండ ఎన్ని రోజులు పులిస్తే చాలునో తేల్చడం ఏ డిగ్రీ కళాశాల రసాయన విభాగానికైనా అందుబాటులో ఉన్న పనే. కళతో కలిసి ఏదైనా చేయాలని ఉబలాటపడే విభాగాలు ప్రదర్శనలకూ గోడబొమ్మలకూ ముందు నాలుగు బోర్ల నీటినీ, నాలుగిళ్ళ కసిం కుండలనూ పరీక్షించి, వచ్చిన అంకెలను పనివారు చదువుకోగల తెలుగులో వారి చేతికి ఇవ్వాలి. అందుకు కావలసింది పెద్ద నిధులు కావు, కొన్ని సీసాలూ, ఒక పిహెచ్ మీటరూ, కసిం కుండ మూత తీయనిచ్చేటంత నమ్మకమూ.