మాట వచ్చినట్టే చదువూ వస్తుందా? జాన్ హోల్ట్ పుస్తకాలపై ఒక పరిశీలన

బడి వద్దు, పాఠ్యక్రమం వద్దు, పిల్లల కుతూహలమే వారికి దారి చూపుతుందన్న వాదానికి ‘అన్‌స్కూలింగ్’ అని పేరు పెట్టినవాడు అమెరికన్ ఉపాధ్యాయుడు జాన్ హోల్ట్ (1923–1985). ఆయన ‘హౌ చిల్డ్రన్ ఫెయిల్’ (1964), ‘హౌ చిల్డ్రన్ లెర్న్’ (1967) పుస్తకాలను అభిమానులు జంటగా చదువుతారు. మొదటిది రోగనిర్ధారణ, రెండవది చికిత్స అన్నట్టుగా. నిర్ధారణ సరైనదైనంత మాత్రాన చికిత్స కూడా సరైనదే కానక్కరలేదు.

మొదటి పుస్తకానికి ఈనాటికీ విలువ తగ్గలేదు. అది సిద్ధాంతం కాదు, తరగతి గదిలో రాసుకున్న దినచర్య. అయిదవ తరగతి పిల్లలు లెక్కను చూడరు, ఉపాధ్యాయుని ముఖాన్ని చూస్తారు. జవాబును సగం గొణిగి, ఆయన కనుబొమలు కదిలిన తీరును బట్టి తక్కిన సగాన్ని సవరించుకుంటారు. మందబుద్ధిగా కనిపించేది చాలాచోట్ల భయమేనని హోల్ట్ పట్టుకున్నాడు. చలం ‘బిడ్డల శిక్షణ’ చదివినవారికి ఈ మాట కొత్త కాదు. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా చలమూ, ఉపాధ్యాయుడుగా హోల్టూ బడిని లోపలినుంచే చూశారు. అయితే చలం ఇంటి పెద్దల పెత్తనాన్నీ అంతే కటువుగా ప్రశ్నించాడు. 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రికను ప్రారంభించేనాటికి హోల్ట్ బడి బాగుపడుతుందన్న ఆశ వదులుకొని తల్లిదండ్రుల వైపు తిరిగాడు.

చిక్కంతా రెండవ పుస్తకంతోనే. ఎవరూ పాఠం చెప్పకుండానే పసిపిల్లలకు మాటలు వస్తాయి. చదువూ అలాగే వస్తుందంటాడు హోల్ట్. ఈ పోలిక ఆకర్షణీయమైనదే గాని నిలవదు. మాట లేని మానవసమాజం లేదు. లిపి లేని భాషలు మాత్రం ఎన్నో ఉన్నాయి. లిపి పుట్టి సుమారు అయిదువేల ఏళ్ళే అయింది. వస్తువులనూ ముఖాలనూ గుర్తించడానికి ఏర్పడిన మెదడు భాగాలను అక్షరాలకు అలవాటు చేస్తే తప్ప చదవడం రాదు. పుస్తకాలు నిండిన ఇంట్లో, పెద్దల ఒడిలో కూర్చుని తమంతట తామే చదవడం నేర్చే పిల్లలు లేకపోలేదు. కాని డిస్లెక్సియా ఉన్న పిల్లకు ధ్వనికీ అక్షరానికీ ఉన్న సంబంధాన్ని వరుసగా, ఓపికగా, పదేపదే నేర్పాలి. ‘ఇష్టం పుట్టేదాకా’ ఆగితే ఆమెకు అత్యంత విలువైన కాలం గడిచిపోతుంది. ఈ పిల్ల హోల్ట్ వాదంలో కనిపించదు.

అన్‌స్కూలింగ్ వల్ల మేలే జరిగిందనడానికి పీటర్ గ్రే, జీనా రైలీ 2013లో ప్రచురించిన సర్వేను తరచు చూపుతారు. అందులో 232 కుటుంబాలున్నాయి. అవన్నీ తామై ముందుకు వచ్చి జవాబిచ్చినవి. విసిగి పిల్లలను తిరిగి బడికి పంపినవారు ఎందరో ఆ లెక్క నుంచి తేలదు. మందు మానేసినవారిని వదిలి, మందు పనిచేసిందని చెప్పడం వంటిదిది.

విదేశాల్లోని తెలుగు ఇళ్ళకు ఈ చర్చ మరొక విధంగా తగులుతుంది. పిల్లల కుతూహలం చుట్టూ ఉన్నదానిమీదికే పోతుంది. అమెరికాలో దుకాణం బోర్డు నుంచి ఆటల తెర వరకు అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. నానమ్మతో ఫోనులో మాట్లాడుతూ తెలుగు మాట కొంత వస్తుంది; గుణింతం, ఒత్తు ఎదురయ్యేదెక్కడ? ఆదివారం పూట ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించవలసిందే. ఆ పూట ఆ పెద్దవారికి పనికివచ్చేది హోల్ట్ రెండవ పుస్తకం కాదు, మొదటిదే. ‘క్ష’ దిద్దుతున్న పిల్ల పలక వైపు కాక అమ్మ ముఖం వైపు చూస్తూంటే, అక్కడ ఏం జరుగుతున్నదో అది చెబుతుంది.