గ్రామ్యం – మా అమ్మ మాట

డిగ్రీలో సారు 'గ్రామ్యం' కావ్యదోషమని చెప్పిండు. 11వ శతాబ్దంలోనే మమ్మటుడు 'కావ్యప్రకాశం'లో దాన్ని దోషాల పట్టీకెక్కించిండు. నేనూ అట్లనే రాసి మార్కులు తెచ్చుకున్న. సెలవులకు ఇంటికి పోతే, నాటేసొచ్చిన అమ్మ 'బువ్వ తిన్నవా బిడ్డా' అన్నది. నేను దోషమని రాసింది ఈ నోటినే!

గిడుగు రామమూర్తి గ్రాంథికవాదులతో కొట్లాడిండు, నిజమే. కానీ ఆయన నిలబెట్టింది 'శిష్ట' వ్యావహారికం. శిష్టులెవరు? ఆనాడు చదువు దక్కినోళ్లు, అంటే పై కులాలోళ్లు. వాడుక భాష వచ్చింది గానీ మా వాడ దాకా రాలేదు.

రసం, ఔచిత్యం, శిల్పం – ఇవన్నీ తూకంరాళ్లు. దళిత కవిత్వంలో శిల్పం లేదనేటోళ్లను మనం ముందుగాల అడగాల్సింది ఒక్కటే: ఆ రాయి ఎవరి అంగడిది?