విప్పకముందే తేల్చాలి

మే నెల మధ్యాహ్నం, విజయవాడ. రెండు గంటలు ఎండలో నిలబెట్టిన 2001 నాటి హోండా సిటీ వీటెక్‌లో తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. బండిని లాగించుకుని షెడ్డుకు చేర్చేసరికి పొద్దు వాలుతుంది. అక్కడ ఒక్క సెల్ఫ్‌కే లేచి కూర్చుంటుంది. "ఏమీ లేదు సార్, బాగానే ఉందిగా" అంటాడు షెడ్డు కుర్రాడు. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే తంతు. ముందు పెట్రోల్ పంపు మారుస్తారు, తర్వాత ప్లగ్గులు, ఆ తర్వాత బ్యాటరీ. వేలకు వేలు వదిలాక కూడా బండి ఎండకు మొరాయిస్తూనే ఉంటుంది.

దోషం సాధారణంగా డ్యాష్‌బోర్డు కింద దాక్కున్న మెయిన్ రిలేలో ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్‌కు, పెట్రోల్ పంపుకు కరెంటు అందించే చిన్న డబ్బా అది. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి, చల్లారి వేడెక్కి, లోపలి సర్క్యూట్ బోర్డు మీది టంకానికి పగుళ్ళు పడతాయి. వెంట్రుకవాసి పగుళ్ళే. కారు లోపల ఎండ వేడి పేరుకున్నప్పుడు లోహం వ్యాకోచించి ఆ అతుకు విడిపోతుంది, చల్లబడ్డాక మళ్ళీ తగులుతుంది. అందుకే సాయంత్రానికి బండి "బాగైపోతుంది".

తెలిసిన మేస్త్రీ ఇక్కడ పానా ముట్టుకోడు. తాళం ఆన్ దాకా తిప్పి ఆగి, చెవి వెనక సీటు వైపు పెడతాడు. పంపు రెండు సెకన్ల పాటు జుమ్మని మోగి ఆగాలి. ముందు మీటర్లలో ఇంజన్ లైటు వెలిగి, అదే రెండు సెకన్లకు ఆరాలి. లైటు తీరు సరిగ్గా ఉండి పంపు మోగకపోతే అనుమానం రిలే మీదికి పోతుంది. దాన్ని ఊడదీసి, మూత తీసి, భూతద్దం కింద చూస్తే పిన్నుల చుట్టూ సన్నని వలయంలా పగులు కనిపిస్తుంది. పాత టంకం కరిగించి కొత్తది వేస్తే పని అయిపోయినట్టే. కొత్త రిలే వేసుకున్నా తప్పులేదు. కానీ వేడి రోజు, వేడెక్కిన బండి మీదే పరీక్ష చేయాలన్నది ఇందులో ప్రాణం లాంటి సంగతి. చల్లటి షెడ్డులో చూస్తే ఆ రిలే నిర్దోషే.

మన రోడ్ల మీదికి 2000లో వచ్చిన ఈ వీటెక్ సిటీకి ఇప్పటికీ వీరాభిమానులు ఉన్నారంటే కారణం ఉంది. 1493 సీసీ, 106 హార్స్‌పవర్. 2003లో దాని స్థానంలోకి వచ్చిన కొత్త సిటీలో ఇంజన్ శక్తి 77కి పడిపోయింది. మైలేజీ కోసం చేసిన మార్పు అది, అమ్మకాల లెక్కలో తప్పు కూడా కాదు. వేగం రుచి తెలిసినవాళ్ళు మాత్రం పాత బండ్లను వెతికి పట్టుకోవడం మొదలుపెట్టారు. అలా దొరికిన బండ్లు ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. వాటి రోగాలు చాలావరకు వయసు రోగాలు, కొన్ని మాత్రం మనుషులు చేతులారా తెచ్చిపెట్టినవి.

హైదరాబాద్‌లో ఉస్తాద్ అన్నా, కోస్తాలో మేస్త్రీ అన్నా, ఈ విద్య పుట్టింది అంబాసిడర్, పద్మిని, కాంటెస్సాల మీద. కార్బురేటర్, పాయింట్లు, కండెన్సర్ ఉన్న కాలం. పొగ రంగు, ప్లగ్గు రంగు, సైలెన్సర్ చప్పుడు, చేతికి తగిలే వేడి, వీటితోనే రోగం చెప్పేవారు. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సమంగా ఉన్నట్టు. పొడి నల్లమసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తడి నలుపు, జిడ్డు ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా కాలి బుడిపెలు కట్టి ఉంటే పెట్రోలు తక్కువై వేడి మీరుతోంది. ఇంజన్‌లోకి కంప్యూటర్ వచ్చినంత మాత్రాన ఈ లెక్కలేవీ మారలేదు. నాలుగు ప్లగ్గులనూ సిలిండర్ వరుసలో పేర్చి చూసేవాడికి స్కానర్ చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే తప్పు అందరికీ ఉమ్మడిగా ఉండే చోట, అంటే సెన్సర్లలోనో పెట్రోల్ ప్రెషర్‌లోనో ఉంది. ఒక్కటే వేరుగా ఉంటే ఆ సిలిండర్‌కే ఏదో అయింది.

అయితే ఆ సంప్రదాయమంతా నెత్తిన పెట్టుకోదగ్గది కాదు. మిస్సింగ్ ఏ సిలిండర్‌లోనో కనుక్కోవడానికి నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూడటం పద్మినిలో చెల్లింది. సిటీలో కాయిల్, ఇగ్నైటర్ రెండూ డిస్ట్రిబ్యూటర్ లోపలే ఉంటాయి. వైరు పీకితే బయటికి దారి లేని హై వోల్టేజీ లోపలే ఎక్కడో దూకి ఇగ్నైటర్‌ను కాల్చేయవచ్చు. దానికి బదులు ఇంజెక్టర్ల క్లిప్పులు ఒక్కొక్కటి తీసి పెడితే చాలు. ఏది తీస్తే ఐడిల్‌లో తేడా రాదో ఆ సిలిండర్ ముందు నుంచే పనిచేయడం లేదన్నమాట. పద్ధతి పాతదే, పీకే చోటు మారిందంతే.

ఇంతకన్నా పెద్ద నష్టం చేసిన అలవాటు థర్మోస్టాట్ తీసి పారేయడం. "మన ఎండలకి ఇదెందుకు సార్, తీసేస్తే బండి చల్లగా ఉంటుంది" అన్న మాట వినని కారు యజమాని మన ఊళ్ళల్లో అరుదు. ఇంజన్ తన వేడికి చేరుకునే దాకా రేడియేటర్ దారి మూసి ఉంచడమే దాని పని. ఈ ఇంజన్లలో అది సుమారు 78 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి 90కి పూర్తిగా తెరుచుకుంటుంది. అది లేకపోతే డిసెంబరు ఉదయం హైవే మీద ఇంజన్ ఎంతకీ వేడెక్కదు. కూలెంట్ చల్లగా ఉందని సెన్సర్ చెబుతూనే ఉంటుంది, కంప్యూటర్ ఇంజన్ ఇంకా చలిలో ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోలు రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. అన్నిటికన్నా విడ్డూరం ఏమిటంటే, కూలెంట్ తగినంత వేడెక్కకపోతే, పై ఆర్పీఎంలో ఇంజన్‌కు ఊపునిచ్చే వీటెక్‌ను కంప్యూటర్ కలవనివ్వదు. ఏ గుణం కోసం ఆ కారు కొన్నాడో దాన్నే యజమాని డబ్బిచ్చి తీయించుకుంటున్నాడు!

నిజంగా బండి హీటెక్కుతుంటే కారణం వేరే చోట ఉంటుంది. కూలెంట్‌కు బదులు పోసిన బోరు నీళ్ళ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో గట్టిపడి ఉండవచ్చు, ఫ్యాన్ స్విచ్ పోయి ఉండవచ్చు, హెడ్ గాస్కెట్ లీకవుతూ ఉండవచ్చు. ఈ చివరిది తేల్చడానికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి చూడాలి. ఆగకుండా బుడగలు వస్తుంటే, స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ గట్టిపడుతుంటే, సిలిండర్ గాలి నీళ్ళలోకి చేరుతున్నట్టు. దాంతోపాటు ఆయిల్ మూత కింద పాల టీ రంగు నురుగు కూడా పేరుకుంటే ఇక హెడ్డు దించక తప్పదు.

ఐడిల్ ఊగడం ఈ తరం హోండాల ఇంకో ప్రసిద్ధ జబ్బు. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం ముల్లు వెయ్యికీ రెండు వేలకూ మధ్య ఉయ్యాల ఊగుతుంది. చాలామంది నేరుగా థ్రాటిల్ స్క్రూ తిప్పుతారు. అది రోగాన్ని దాచిపెడుతుంది, పోగొట్టదు. జరుగుతున్నది ఇది: కొలతకు మించిన గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తోంది. ఆర్పీఎం పెరుగుతుంది. యాక్సిలరేటర్ మూసి ఉన్నా ఆర్పీఎం ఎక్కువగా ఉందంటే డ్రైవరు కాలు తీసేశాడని కంప్యూటర్ అనుకుని పెట్రోలు ఆపేస్తుంది. ఆర్పీఎం పడుతుంది. మళ్ళీ పోస్తుంది, మళ్ళీ పెరుగుతుంది. ఆ గాలి చీలిన వ్యాక్యూమ్ పైపులోంచి రావచ్చు, మసిపట్టిన ఐడిల్ వాల్వులోంచి రావచ్చు. చాలా మోడళ్ళలో కూలెంట్ వేడికి మూసుకోవాల్సిన ఫాస్ట్ ఐడిల్ వాల్వు ఒకటి ఉంటుంది. కూలెంట్ తగ్గి గాలి బుడగ చేరితే దానికి వేడి తగలక తెరుచుకునే ఉండిపోతుంది. అంటే ఐడిల్ సమస్యకు మందు ఒక్కోసారి రేడియేటర్‌లో ఉంటుంది. మూత తీసి, ఫ్యాన్ కనీసం రెండుసార్లు తిరిగే దాకా ఇంజన్ నడిపి, బుడగలు పోయాక కూలెంట్ నింపితే ముల్లు నిలకడగా నిలబడుతుంది. ఖర్చు కూలెంట్ డబ్బా.

ఇక వీటెక్ సంగతి. 1989లో జపాన్‌లో ఇంటెగ్రాతో మొదలైన ఈ పద్ధతి సిటీలాంటి ఒకే క్యామ్‌షాఫ్ట్ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీదే పనిచేస్తుంది. పై ఆర్పీఎంలో ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నును నెట్టి రాకర్లను ఒకటిగా బిగిస్తుంది, వాల్వులు ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరుచుకుంటాయి. ఆయిల్‌తో నడిచే యంత్రాంగం కాబట్టి ఆయిల్ తగ్గినా, తారులా చిక్కబడినా మొదట అలిగేది ఇదే. పైన గుంజాల్సిన చోట ఇంజన్ చప్పగా పోతుంటే ముందు డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆ తర్వాత హెడ్డు వెనకాల సోలనాయిడ్. పది నంబరు పానాతో మూడు బోల్టులు విప్పితే కింద జాలీ ఉన్న గాస్కెట్ కనిపిస్తుంది. ఆ జాలీ నిండా నల్లటి బంక ఉంటే జవాబు దొరికినట్టే.

ఈ తరం హోండాలకు స్కానర్ కూడా అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు కింద ఉండే రెండు పిన్నుల కనెక్టర్‌ను చిన్న వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే ఇంజన్ లైటే కోడ్ చెబుతుంది. పొడుగు వెలుగు పది, పొట్టి వెలుగు ఒకటి. రెండు పొడుగు, ఒక పొట్టి అంటే 21, వీటెక్ సోలనాయిడ్ తాలూకు కరెంటు లోపం. 22 అయితే ఆయిల్ ప్రెషర్ స్విచ్ వైపు చూడాలి. ఆరు పొట్టి వెలుగులు కూలెంట్ సెన్సర్‌వి.

ఇంజన్ దించి రింగులు మార్చాలని ఎవరైనా అంటే ఒక్క పరీక్ష అడగాలి: కంప్రెషన్ లెక్క ఎంత? ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, సెల్ఫ్ తిప్పుతూ గేజ్ చూడాలి. ఈ కుటుంబపు ఇంజన్లకు హోండా పెట్టిన కనీస హద్దు 135 పీఎస్ఐ, సిలిండర్ల మధ్య తేడా 28కి మించకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూస్తే అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో గాస్కెటో. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి ఆగిపోయే బండికి ఎక్కువసార్లు వాల్వు సీళ్ళు మారిస్తే సరిపోతుంది. అలాంటివాటిని బోరింగ్‌కు పంపిన సందర్భాలు తక్కువేం కాదు.

టాపెట్ల దగ్గర ఓ చిన్న చిక్కు. ఇన్‌టేక్‌కు 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.23 నుంచి 0.27 సందు ఉండాలి. హెడ్డు 38 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడే కొలవాలని హోండా మాన్యువల్ మాట. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం గాలే అంత చల్లగా ఉండదు! రాత్రంతా బండి వదిలి తెల్లవారుజామున చేయాల్సిన పని అది. క్రాంక్‌ను గడియారానికి ఎదురు దిశలో తిప్పాలన్నది ఇంకో మెలిక, ఈ ఇంజన్ తిరిగేది అటే. టిక్కుటిక్కుమనే టాపెట్ చెవికి చిరాకు తెప్పిస్తుందని సందు బిగించేవాళ్ళున్నారు. బిగిసిన ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక, వేడిని సీటుకు వదలలేక కాలిపోతుంది. అది చప్పుడు చేయదు కూడా.

విడిభాగాల విషయంలో ఈ కారు అదృష్టవంతురాలు. దీని ఇంజన్ కుటుంబమే ప్రపంచమంతా సివిక్‌లలో తిరిగింది కాబట్టి సీళ్ళు, సెన్సర్లు, డిస్ట్రిబ్యూటర్ భాగాలు ఇంకా తయారవుతున్నాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరకనిది చెన్నై పుదుపేటలో పాత బండి నుంచి తీసినదైనా దొరుకుతుంది. పాత ఇగ్నైటర్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త, అది కూడా వేడికే చచ్చే సరుకు. బండి నడుస్తూ ఆగిపోయేటప్పుడు ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే ఇగ్నైటర్ పోతున్నట్టు, మెల్లగా దిగితే పెట్రోలు అందనట్టు అన్న గుర్తు ఒకటి మేస్త్రీలలో ఉంది. పది సార్లలో పదీ నిజం కాకపోయినా ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది.

పైసా అదనపు ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ప్రతి యజమాని జేబులోనూ ఉంటుంది, పొల్యూషన్ సర్టిఫికెట్. చాలామంది తేదీ చూసి మడిచేస్తారు. దాని మీద సీవో, హెచ్‌సీ అని రెండు అంకెలుంటాయి. కిందటిసారి చీటీ పక్కన పెట్టి చూడాలి. హెచ్‌సీ ఒక్కటే పెరిగితే ఎక్కడో మిస్సింగ్ ఉంది, ప్లగ్గు గుంటల్లో ఆయిల్ చేరిందేమో చూడాలి. సీవో కూడా పెరిగితే పెట్రోలు ఎక్కువవుతోంది. అప్పుడు మేస్త్రీని అడగాల్సిన మొదటి ప్రశ్న, థర్మోస్టాట్ లోపల ఉందా అని.